ఎడమకి ఒక అడుగు

లోపల డ్రైవరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. వరండా చివర ఆ గది తలుపు మూసి ఉంది, మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం వస్తోంది, ఆగి, సర్దుకుని, మళ్లీ మొదలయ్యే గొంతు, చెప్పిందే చెబుతున్నవాడి గొంతు. ఆయన తర్వాత నేనే. అటెండరు ఇప్పుడే వచ్చి "తర్వాత నువ్వే, ఎక్కడికీ వెళ్లకు" అని చెప్పి వెళ్లాడు, నేనేదో పారిపోయేవాడిలా కనిపించినట్టు. ఎక్కడికి పోతాను. ఈ బల్ల మీద కూర్చుని ఎంతసేపటి నుంచో నా మోకాళ్లు నేనే చూసుకుంటున్నాను. నా పక్కన మా రైలు పట్టాల గ్యాంగు మొత్తం ఉంది, బల్ల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, సాక్షులని పిలిపించారు, అందరూ ఉతికిన చొక్కాలు వేసుకొచ్చారు, ఉతికిన చొక్కాల్లో ఒక్కడూ గుర్తుపట్టేట్టు లేడు. ఎదురు గోడకి ఆనుకుని మా అక్క నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోదు. మంచినీళ్లిస్తే తాగదు. గ్లాసు చేతిలోనే ఉంది, నీళ్లు నిండుగా, ఒక్క చుక్క తొణకకుండా పట్టుకుంది, దాని మీదే ప్రాణం ఉన్నట్టు. నా వైపు చూడడం లేదు. చూడాల్సిన పని లేదు, చెప్పాల్సింది పొద్దున వంటింట్లోనే చెప్పేసింది. "ఊదలేదని చెప్పరా" అంది. అంతే. లోపల వాళ్లు అడగబోయేదీ ఆ ఒక్కటే. ఆ రోజు బూర ఊదావా, ఊదలేదా.

గ్యాంగులో అందరికంటే తేలిక పని నాది. పట్టాలు మార్చే చోటుకి దూరంగా, బండి వచ్చే వైపు వెళ్లి, ఒంటరిగా నిలబడి, బండి కనిపించగానే బూర ఊదాలి. పనిచేసేవాళ్లు తప్పుకోవాలి. ఏ పనీ చేతకానివాడి మెడలో బూర వేస్తారని గ్యాంగులో ఎగతాళి. నిజమే మరి, నా భుజం ఒకసారి పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపరు దిమ్మ కింద నలిగి సరిగ్గా అతుక్కోలేదు, పలుగు ఎత్తలేను, కంకర గంప ఎత్తలేను, ఇంటికి పొమ్మన్నారు, అప్పుడు బావే అడ్డం పడ్డాడు. బావ అంటే గ్యాంగు మేస్త్రి, మా అక్క మొగుడు, నన్ను ఈ పనిలో పెట్టించిందీ ఆయనే. "భుజం పోతే పోనీ, కళ్లూ చెవులూ ఉన్నాయిగా వీడికి" అని ఇంజనీరు దగ్గర గొడవపడి నా మెడలో బూర వేయించాడు. వేసిన రోజున పక్కకి పిలిచి, "మా అందరి ప్రాణాలూ నీ నోట్లో పెడుతున్నానురా, ఇక ఆ నోట్లో ఇంకేదీ పెట్టకు" అన్నాడు. అప్పటిదాకా పొగాకు నమిలేవాడిని. ఆ రోజుతో మానేశాను. ఇప్పుడు నమలాలనిపిస్తోంది, పళ్ల మధ్య ఏదో ఒకటి ఉంటే బాగుండుననిపిస్తోంది, నోరంతా ఇత్తడి రుచి, బూర నా దగ్గర లేకపోయినా ఆ రుచి పోలేదు, బూర లోపల బల్ల మీద ఉంది, సాక్ష్యం కదా, దానికి దారం కట్టి ఒక చీటీ వేలాడదీశారట. దాన్ని కూడా పిలిపించారన్నమాట.

ఇంత ఎండలో ఈ ఫ్యాను తిరుగుతోందో, తిరుగుతున్నట్టు నటిస్తోందో తెలియడం లేదు. కిటికీలోంచి యార్డు కనిపిస్తోంది, కొత్త సిమెంటు స్లీపర్లు గుట్టలుగా పేర్చి ఉన్నాయి, ఊడదీసిన పాత చెక్క స్లీపర్లు ఇంకో గుట్ట, వాటి తారు వాసన ఇక్కడి దాకా వస్తోంది. పని ఆగలేదు. బావ పోయిన రోజున ఆ పూట ఆగింది, మర్నాడు వేరే గ్యాంగుని తెచ్చి పెట్టారు, వానలు పడేలోగా పూర్తి కావాలి, వానలొస్తే మట్టి కదులుతుంది, అందుకని ఈ ఎండాకాలమంతా మమ్మల్ని పరిగెత్తించారు. ఇక్కడ రెండు దారులు, పక్కపక్కనే, ఎడమది ఒకటి కుడిది ఒకటి. ఒకదాని మీద మేం పనిచేస్తుంటే రెండోదాని మీద బండ్లు నడుస్తూనే ఉంటాయి, బండ్లు ఆపి పని చేసుకోనిచ్చేంత జాలి ఎవరికీ ఉండదు. ముందు ఎడమ దారి అంతా కొత్తగా వేసి, తర్వాతే కుడి దారి ముట్టుకోవాలని పైవాళ్లు ఏనాడో తేల్చారు. కనక ఏళ్ల తరబడి మేం ఎడమ దారి మీదే ఉన్నాం. కుడి దారి మీద బండి వస్తుంది, నేను ఊదుతాను, గ్యాంగు ఎడమకి తప్పుకుని గట్టు మీద నిలబడుతుంది. బావ దానికొక పద్ధతి పెట్టాడు. ముందు మొహం, తర్వాత అడుగు, తర్వాత చెయ్యి. బూర వినగానే చేతిలో పని వదిలేసి బూర వైపు మొహం తిప్పాలి, ఎందుకంటే బండి వచ్చేది అటునుంచే. తర్వాత ఎడమకి అడుగు. ఆ తర్వాత మేస్త్రి తన మనుషుల వైపు తిరిగి, అందరూ తప్పుకున్నారని చూసుకుని చెయ్యెత్తుతాడు. ఆ చెయ్యి చూశాకే నేను గాలి పీల్చుకునేవాడిని. కొత్తగా చేరినవాళ్లతో బావ ఇది ఎంతగా చేయించేవాడంటే, వాళ్లు నిద్రలో కూడా ఎడమకే దొర్లుతారని పొడుగోడు అనేవాడు. పొడుగోడంటే బల్ల మీద నా పక్కనే కూర్చున్నవాడు, తల దాదాపు కిటికీ పైకి వస్తుంది. ఇవాళ వాడు ఒక్క జోకూ వేయలేదు.

నిద్రలో సంగతి ఏమో కానీ వంటింట్లో సంగతి నాకు తెలుసు. అక్క కుక్కరు పెడితే, విజిల్ రాగానే బావ కుక్కరు వైపు మొహం తిప్పి ఎడమకి ఒక అడుగు వేసేవాడు. తెలిసి కాదు. చేతిలో పేపరు ఉంటే పేపరుతో, పాపని ఎత్తుకుని ఉంటే పాపతో. అక్క నవ్వేది, పాప నవ్వేది, ఆయన మాత్రం "ఏంటి, ఎందుకు నవ్వుతున్నారు" అని తెల్లమొహం వేసేవాడు. పాపకి అదొక ఆట, ఎక్కడి నుంచో ఒక ఈల సంపాదించి వెనకనుంచి వచ్చి ఊదేది, ఆయన అడుగు వేసేవాడు, అది పడీపడీ నవ్వేది. ఒకసారి బజార్లో వెనక నుంచి ఎవడో లారీ హారన్ కొడితే ఎడమకి అడుగేసి మురుగుకాలవలో దిగబడ్డాడు. మోకాలి దాకా బురదతో ఇంటికొస్తే అక్క గుమ్మంలోనే నిలబెట్టి బకెట్టుతో నీళ్లు పోసింది, ఆ నీళ్లు పోస్తూ కూడా నవ్వింది, "ఈ మనిషిని నాతో కాదు, ఆ బూరతో పెళ్లి చేయాల్సింది" అంది. ఆ మాట మేమంతా ఎన్నిసార్లు చెప్పుకున్నామో. ఎవరొచ్చినా చెప్పేవాళ్లం. ఇంటికి వచ్చినవాళ్లని నవ్వించడానికి మా దగ్గరున్న మంచి కథ అదే. ఇప్పుడు దాన్ని తల్చుకుని నవ్వలేను, ఎందుకంటే జరగబోయేది మా కళ్ల ముందే రోజూ జరుగుతూ ఉంది, మేం కూర్చుని నవ్వాం.

అక్కేమీ తెలివితక్కువది కాదు. ఆవిడకి కుక్కరు సంగతి గుర్తు లేకనా. పొద్దున కుక్కరు విజిల్ వేసినప్పుడు చూశాను, చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది, నేల వైపు చూస్తూ నిలబడింది, ఆయన నిలబడే చోట, ఎడమ పక్క. అయినా ఆవిడ మనసులో దిగబడింది వేరే ముల్లు. ఆ రోజు పొద్దున ఇంట్లో గొడవైంది. పాపకి జ్వరం, ఒక్క రోజు సెలవు పెట్టమంది, ఈ సీజన్‌లో సెలవా అన్నాడు బావ, కొత్త దారి మీద ఇవాళే బండ్లు వదులుతున్నారు, నేను లేకపోతే ఎలా అన్నాడు. ప్రతి ఎండాకాలం ఇదే గొడవ, నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మొగుడూ పెళ్లాల గొడవలంటే ఇంతే అనుకున్నవాడిని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయట నిలబడ్డాను. అక్క లోపలి నుంచి అంది, గట్టిగానే అంది, పక్కింటికి కూడా వినపడేలా అంది, "పో, పోయి ఆ పట్టాల మీదే చావు" అని. బావ చెప్పులు వేసుకుంటూ నా వైపు చూసి కన్నుకొట్టాడు. అలాంటి మాటలు ఎన్ని విని ఉంటాడు. దారిలో దాని ఊసే ఎత్తలేదు, పాపకి సాయంత్రం బత్తాయిలు తీసుకెళ్లాలి, గుర్తు చెయ్యరా అన్నాడు. ఆ కన్నుకొట్టడం అక్క చూడలేదు. నేను చెప్పాను, ఒట్టేసి చెప్పాను, బత్తాయిల సంగతీ చెప్పాను. ఓదార్చడానికి అల్లి చెబుతున్నానని అనుకుంది. ఆ పరిస్థితిలో ఎవరు చెప్పినా అల్లినట్టే ఉంటుంది.

లోపల గొంతు ఆగింది. మళ్లీ మొదలైంది. డ్రైవరు చెప్పేదేమిటో మాకందరికీ తెలుసు, ఆ రోజే చెప్పాడు, బండి దిగి కంకర మీద కూర్చుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాడు. "నా వైపు చూశాడండీ. చూసే, తాపీగా వచ్చి పట్టాల మధ్యలో నిలబడ్డాడు. మొహం తిప్పుకుని చెయ్యెత్తాడు. నేను హారన్ కొడుతూనే ఉన్నాను." ఆయన చెప్పిందాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. నేనూ చూశాను, దూరం నుంచి, బండి వచ్చే వైపు నుంచి. ఒక మనిషి కంగారు లేకుండా నడిచొచ్చి బండి ముందు నిలబడి సెలవు తీసుకున్నట్టు చెయ్యెత్తితే, దాన్ని ఏమంటారో లోకానికి ఒక మాట ఉంది. ఆ మాట ఆ సాయంత్రానికే కాలనీలో తిరిగింది. పక్కింటావిడకి ఆ పొద్దున అక్క అరిచింది వినపడింది కదా, ఆ మాటకి ఈ మాట కలుపుకుంది. పోయినవాడు తనంతట తను పోయాడని కాగితాల్లోకి ఎక్కితే ఆయన ఉద్యోగం అక్కకి రాదు, క్వార్టరు ఖాళీ చేయమంటారు, అవన్నీ ఉన్నాయి, కానీ అక్క వాటి గురించి అడగలేదు, నేను అడిగితే కూడా చెయ్యి విదిలించింది. బూర ఊదలేదని నేను చెబితే ఆయనకి బండి వస్తున్నట్టు తెలియదు. తెలియకపోతే అది ప్రమాదం. ఊదానంటే, ఆయనకి తెలుసు. తెలిసీ వెళ్లాడు. ఎందుకు వెళ్లాడు, పొద్దున తను చావమంది కనక వెళ్లాడు. అక్క లెక్క ఇంత. "నువ్వు ఊదలేదుగా, నిజంగానే ఊదలేదుగా" అని ఇవాళ పొద్దున నా చొక్కా పట్టుకుంది, అడగడం కాదది, అడుక్కోవడం, నా కంటే పెద్దది నన్ను అడుక్కుంటుంటే నేను నేల చూశాను.

ఊదాను. ఆ రోజు పొద్దుటి నుంచి జరిగింది మళ్లీ మొదటి నుంచి తీస్తాను, రోజూ తీస్తూనే ఉన్నాను, ఎక్కడైనా ఒక చోట చెయ్యి పెట్టి ఆపగలనేమోనని. కొత్త ఎడమ దారి తయారైంది. అతుకులు లేని పట్టాలు, కిలోమీటర్ల కొద్దీ ఒకే పట్టా, పాతవాటిలా టకటకమని చప్పుడు ఉండదు, బండి పక్కన గాలిలా వెళ్లిపోతుంది. బండ్లన్నీ ఆ పొద్దున దాని మీదికి మార్చారు, మమ్మల్ని కుడి దారికి మార్చారు. అంటే ఇక బూర వినపడితే తప్పుకోవాల్సింది కుడికి. ఎడమకి తప్పుకుంటే బండి కిందికే. ఈ సంగతి బావకి తెలియకపోవడమేమిటి, మాకు చెప్పిందే ఆయన. పని మొదలుపెట్టే ముందు అందర్నీ వరసగా నిలబెట్టి, "ఒరేయ్, ఇవాళ్టి నుంచి కుడికి. కుడికి. మీ కాళ్లు మీ మాట వినవు, వాటికి అలవాటైపోయింది, కనక వాటిని కనిపెట్టుకుని ఉండండి" అన్నాడు. నా చేత ఉత్తుత్తినే బూర ఊదించి అందరి చేతా కుడికి అడుగు వేయించాడు, మళ్లీ మళ్లీ వేయించాడు, పొడుగోడు రెండుసార్లు ఎడమకి పోతే చెవి మెలిపెట్టాడు. అందరి కాళ్లూ చూశాడు. తన కాళ్లు చూసేవాళ్లు ఎవరున్నారు. వరసకి ఎదురుగా నిలబడి అడుగులు వేయించినవాడు తను వేయలేదు. నేనూ గమనించలేదు, గ్యాంగూ గమనించలేదు, మేస్త్రికి నేర్పేదేముంటుంది.

తర్వాత నేను నా చోటికి వెళ్లిపోయాను. కంకర నొక్కే యంత్రం పక్కన నడుస్తోంది, దాని రొదలో మనిషి మాట మనిషికి వినపడదు, బూర ఒక్కటే వినపడుతుంది, అందుకేగా బూర. బండి మలుపు తిరిగింది. ఊదాను. ఎంత గట్టిగా ఊదాలో అంత గట్టిగా ఊదాను, భుజం దగ్గర పాత నొప్పి కలుక్కుమనేలా. వెనక్కి తిరిగి చూశాను. వంగి ఉన్నవాళ్లంతా లేచారు, మొహాలు నా వైపు తిప్పారు, కుడికి అడుగులేశారు, అందరూ, పొడుగోడితో సహా. ఒక్కడు ఎడమకి వేశాడు. అప్పటిదాకా పట్టాని స్లీపరుకి పట్టి ఉంచే క్లిప్పు ఒకటి బిగుసుకోకుండా మొరాయిస్తుంటే దానితో కుస్తీ పడుతున్నాడట, మనసంతా దాని మీదే ఉంది, బూర వినగానే దాన్ని వదిలేసి లేచాడు, మొహం తిప్పాడు, అడుగు వేశాడు, ఇంకో అడుగు, తను వేసిన కొత్త పట్టాల మధ్యకి వెళ్లి నిలబడి, బండికి వీపు పెట్టి, తన మనుషుల వైపు తిరిగాడు. వాళ్లు అరుస్తున్నారు. రొదలో వాళ్ల నోళ్లు కదలడమే తప్ప ఆయనకి ఏం వినపడింది. అందరూ ఒక పక్కన క్షేమంగా ఉన్నారు, ఆయన చూసింది అదే. చూసుకుని చెయ్యెత్తాడు. అలవాటు ఎంత పాపిష్ఠిదో చెప్పనా, ఆ చెయ్యి చూడగానే నేను గాలి పీల్చుకున్నాను. అందరూ తప్పుకున్నారు అనుకున్నాను. అంతా అయిపోయేదాకా నా ఒంట్లో సగం అలాగే అనుకుంటూ ఉంది.

ఇది చెబితే ఎవరు నమ్ముతారు. కుక్కరు కథ చెప్పనా ఆఫీసరుకి. మా బావ విజిల్ వినపడితే ఎడమకి జరిగేవాడండీ, మురుగుకాలవలో పడ్డాడండీ అని చెప్పనా. ఊదలేదు అనడం ఎంత సుఖమో, ఒక్క మాట, వాళ్లు రాసుకుంటారు, డ్రైవరు కూడా తేలికపడతాడు, గుడ్డివాడిలా వచ్చి పడ్డాడు పాపం అనుకుంటాడు, అక్క గోడ వదిలి కూర్చుంటుంది, నీళ్లు తాగుతుంది. నా ఉద్యోగం పోతుంది, కేసు పెడతారు, లోపలికి పంపినా పంపుతారు. పంపనీ. దాని గురించి నాకు భయం లేదని అనను, రాత్రుళ్లు చెమటలు పడుతున్నాయి. కానీ అంతకంటే పెద్దది ఇంకొకటుంది. ఇప్పుడు అక్క ఆ మాట నన్ను చెప్పమంటోంది. రేపు పాప పెద్దదవుతుంది. మీ నాన్న ఎలా పోయాడు అంటే, మామయ్య బూర ఊదలేదు అని చెబుతారు. ఏదో ఒక రోజున అక్క కూడా తను చెప్పమన్న సంగతి మర్చిపోతుంది. మనిషి మనసు అంతే, బతకాలి కదా. అప్పుడు నేను నిజంగానే ఊదనివాడిని. మా అందరి ప్రాణాలూ నీ నోట్లో పెడుతున్నానురా అన్నవాడికి నేను ఏం ముట్టజెప్పినట్టు. ఇంకో పక్కన ఇదీ ఉంది, దీన్ని ఎవరితోనూ అనలేదు, ఊదకపోయి ఉంటే ఆయన బతికేవాడు. బండి పక్క దారిలో వెళ్లిపోయేది. ఆయన తన క్లిప్పు దగ్గర వంగి ఉండేవాడు, తల కూడా ఎత్తేవాడు కాదు. నా పని నేను సరిగ్గా చేశాను కనకనే ఆయన పోయాడు.

తలుపు తెరుచుకుంది. డ్రైవరు బయటికొచ్చాడు. ఇంత చిన్న మనిషా అనిపించింది, అంత బండి నడిపేవాడు. అక్క ముందు ఆగాడు. ఆగకుండా వెళ్లిపోవచ్చు, ఎవరూ అనుకోరు, అయినా ఆగాడు. "బ్రేకు వేశానమ్మా" అన్నాడు. అక్క తల ఊపింది. ఆయన చేతిలో టోపీ అటూ ఇటూ తిప్పి, మెట్లు దిగిపోయాడు. అటెండరు తలుపు బార్లా తెరిచి, మూసుకుపోకుండా అడ్డం ఇటుక పెట్టి, గాలి రావడం లేదండీ లోపలికి అని నాకేదో సంజాయిషీ ఇస్తున్నట్టు చెప్పాడు. లేచాను. పొడుగోడు నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలాడు. అక్క అప్పుడు చూసింది నా వైపు. ఆ చూపుకి నేను ఇన్నాళ్లూ ఎప్పుడూ కాదనలేదు, చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకుని తిరిగింది, అమ్మ పోయాక నా జుట్టు దువ్వింది. సరే అక్కా అనుకున్నాను. ఊదలేదనే చెబుతాను. గుమ్మం దాటేదాకా అదే అనుకున్నాను.

గదిలో పెద్ద బల్ల, వెనక ఆఫీసరు, పక్కన రాసుకునే గుమాస్తా. ఆఫీసరు చెడ్డవాడిలా లేడు, అలిసిపోయి ఉన్నాడు, కళ్లద్దాలు తీసి కర్చీఫుతో మొహం తుడుచుకున్నాడు. బల్ల మీద నా బూర, చీటీ కట్టి.

"ఇది నీదేనా?"

"నాదేనండి."

"ఆ రోజు ఇది పనిచేస్తూనే ఉందా? పాడైపోయిందని మీవాళ్లెవరో అన్నారు."

ఎవరన్నారో నాకు అర్థమైంది. బల్ల మీద కూర్చున్నవాళ్లలో ఒకడు నన్నూ అక్కనీ ఇద్దర్నీ కాపాడదామని చూశాడు. నాకు తోచనే లేదు ఈ దారి. బూర పాడైంది, ఊదితే మోగలేదు. ఎవరి తప్పూ లేదు. నోరు తెరిచేలోగా ఆయన బూర నా చేతికిచ్చాడు.

"ఊదు. చూద్దాం. ఇటు కాదయ్యా, చెవులు పోతాయి. అటు, తలుపు వైపు తిరిగి ఊదు."

తిరిగాను. తలుపులోంచి వరండా కనిపిస్తోంది, బల్ల మీద వరసగా గ్యాంగు, తలలు వంచుకుని, ఎదురు గోడకి అక్క. నెమ్మదిగా ఊదితే సరిపోతుంది, బొంగురుగా గాలి వదిలితే సరిపోతుంది. పెదాలకి ఇత్తడి తగిలింది. నా నోటికి సగం ఊదడం రాదు. ఎన్నేళ్లుగానో అది ఒక్కటే నేర్చుకున్న నోరు. ఊదాను, ఎంత గట్టిగా ఊదాలో అంత గట్టిగా, కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

గ్యాంగు లేచింది. ఎవరూ ఎవర్నీ చూసుకోలేదు, అందరూ ఒక్కసారే లేచారు, మొహాలు బూర వైపు తిప్పారు, ఎడమకి ఒక అడుగు వేశారు. అక్క నిలబడ్డ గోడ వైపు. పొడుగోడి భుజం తగిలి ఆవిడ చేతిలోని గ్లాసు కింద పడింది, నీళ్లు వాళ్ల కాళ్ల కిందికి పారాయి. వాళ్లకి అదీ తెలియలేదు. తలలన్నీ వెనక్కి, వరండా ఆ చివరికి తిరిగాయి, మేస్త్రి చెయ్యి కోసం. ఆ చివర ఎవరూ లేరు, ఖాళీ మెట్లున్నాయి. అప్పుడు తెలిసింది వాళ్లకి తామెక్కడున్నామో. పొడుగోడు తన కాళ్లు చూసుకున్నాడు. ఒకతను అలాగే నేల మీద కూలబడి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

"ఏంటిది? వీళ్లెందుకు లేచారు?" వెనక నుంచి ఆఫీసరు అడిగాడు. గుమాస్తా కలం ఆగింది. కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది, ఆయన లేచి నా భుజం పక్కకి వచ్చి తలుపులోంచి చూస్తున్నాడు. "ఎవరు చెప్పారు వాళ్లని లేవమని?"

అక్క గోడ వదిలి ముందుకొచ్చింది. తడిలో, గాజు పెంకుల పక్కన, ఆ మనుషుల మధ్య నిలబడి వాళ్ల కాళ్ల వైపే చూస్తోంది, ఒక్కొక్కళ్ల కాళ్లూ, ఎడమకి జరిగిన కాళ్లు. ఆవిడ మొహం మీద ఏముందో నేను చెప్పలేను, ఏడుపని అనలేను. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి తీసుకున్నట్టు ఛాతీ ఎగసింది.

"మళ్లీ ఊదరా" అంది. "సారు సరిగ్గా చూడలేదు. మళ్లీ ఊదు."

బూర ఎత్తాను. ఈసారి వాళ్లకి తెలుసు. పొడుగోడు గోడని పట్టుకున్నాడు, కదలకూడదని పళ్లు బిగించాడు, మెడ నరాలు కనిపించాయి. ఊదాను. గోడ పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఉన్నాయి, ఎడమ కాలి మడమ మాత్రం నేల మీద నుంచి లేచింది. అక్క ఆ మడమనే చూస్తూ ఉంది.